డాష్‌క్యామ్‌కు బయటి మైకు పెట్టొచ్చా? మాట వినబడ్తలేదు, ఏసీ హోరే వస్తోంది

కాప్రా_డిజైర్ (హైదరాబాద్)

అన్నలందరికి నమస్తే. సొంత బండి, పాత డిజైర్, కిరాయికి నడుపుత. అద్దానికి డాష్‌క్యామ్ ఉంది. ఒక కెమెరా రోడ్డు మీదికి, ఒకటి లోపలికి. బొమ్మ మంచిగనే వస్తది. పగటిపూట నంబరు ప్లేట్లు సాఫ్‌గ కనబడ్తయి. లొల్లంతా సౌండుతోనే.

మొన్న ఒక కస్టమరు దిగేటప్పుడు పైసల కాడ పంచాయితీ అయింది. నేను తిట్టిన్నని యాప్‌ల కంప్లైంట్ పెట్టిండు. ఉన్న వీడియో పంపియ్యమన్నరు. తీసి చూస్తే ఆయన చెయ్యి ఊపుడు, నా నోరు కదులుడు కనబడ్తున్నయి గని మాట ఒక్కటి అర్థం కాదు. ఏసీ గాలి, అద్దం గజగజ, అంతే. నేను "సార్" అన్ననా ఇంకేమన్న అన్ననా, చూసేటోడికి ఎట్ల తెలుస్తది?

కెమెరా పక్కకు సన్న పిన్ను పట్టే గుండ్రటి రంధ్రం ఉంది. చొక్కాకు పెట్టుకునే కాలర్ మైకు ఒకటి ఇంట్ల ఉంది. పిన్ను మార్చి అండ్ల గుచ్చితే పనైతదా? తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

సోల్డరింగ్_సూరి (విజయవాడ)

ముందు ఆ రంధ్రంలో ఏమీ గుచ్చకండి. డాష్‌క్యామ్‌కు పక్కన 2.5 ఎంఎం రంధ్రం కనబడితే నూటికి తొంభై పాళ్లు అది వెనక అద్దానికి పెట్టే రెండో కెమెరా కోసం. లోపల నాలుగు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి వీడియో, ఒకటి గ్రౌండు (కరెంటు తిరిగి వచ్చే దారి), ఒకటి రివర్స్ గేరు సిగ్నలు, ఇంకొకటి వెనక కెమెరాకు పోయే కరెంటు. మైకు పిన్ను గుచ్చితే ఆ కరెంటు తీగ నేరుగా గ్రౌండుకు తగిలే వీలుంది. మైకు పోతే పోయింది, కెమెరా బోర్డు కూడా పోవచ్చు.

రంధ్రం పక్కన మైకు బొమ్మ గానీ, డబ్బాలో వచ్చిన కాగితం మీద మైకు మాట గానీ ఉంటే తప్ప అది మైకుది కాదనే అనుకోండి. మీ మోడల్ కాగితం ఉంటే దానిమీద ఆ రంధ్రం పేరేమిటో చూసి చెప్పండి.

కాప్రా_డిజైర్

ఏవీ ఇన్ అని రాసి ఉందన్నా.

సోల్డరింగ్_సూరి

అయితే వెనక కెమెరాదే. వదిలేయండి.

జీపు_అనంతపురం

యూఎస్‌బీ మైకు పెడితే సరిపోదా సామీ? కెమెరాకు టైప్‌-సి ఉండాది కదా. ఫోనుకు పెట్టే వైర్‌లెస్ మైకులు వెయ్యి రూపాయలకే దొరుకుతున్నాయి, దాని రిసీవరు గుచ్చితే పాయె.

సోల్డరింగ్_సూరి

సరిపోదు అండి. ఫోను అయితే తనకు తగిలించిన వస్తువును గుర్తుపట్టి నడిపిస్తుంది. డాష్‌క్యామ్‌లో ఆ సాకెట్టు కరెంటు తీసుకోవడానికీ, కంప్యూటరుకు తగిలిస్తే పెన్‌డ్రైవులా కనబడడానికీ మాత్రమే. మైకును నడిపించే పని దాని సాఫ్ట్‌వేర్‌లోనే ఉండదు. వయోఫో ఏ139 లాంటి కొన్నింటికి కంపెనీయే విడిగా మైకు అమ్ముతుంది, వాటికి ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది. కొత్త కెమెరా కొనబోయేవాళ్లు అది చూసుకుని కొనుక్కుంటే ఈ తంటా ఉండదు. బ్లూటూత్ ఉందని రాసిన కెమెరాలు కూడా చాలావరకు రిమోట్ బటన్ కోసమో యాప్ కోసమో దాన్ని వాడుకుంటాయి, మైకు కోసం కాదు.

ఎడిటింగ్_టేబుల్ (హైదరాబాద్)

నా పని పెళ్లి వీడియోలు, యూట్యూబ్ ఎడిటింగ్. రోజూ పాడైన సౌండుతోనే కాపురం. కెమెరా విప్పే ముందు ఒక మాట.

డాష్‌క్యామ్ మైకు చెడ్డది కావడం అరుదు. అది ఉన్న చోటు చెడ్డది. ముందు అద్దానికి అతికించి ఉంటుంది. అద్దం పెద్ద పలక, రోడ్డు అదురంతా దానికి ఎక్కుతుంది. వానాకాలంలో మంచు పట్టకుండా ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పుతాం, ఆ గాలి నేరుగా మైకు రంధ్రం మీదుగా పోతుంది. మీరు విన్న హోరులో సగం అదే అయ్యుంటుంది. ఇక మైకు నుంచి మాట్లాడేవాడి నోరు ఎంత దూరమో చూస్తే డ్రైవరుకు ఓ 70 సెంటీమీటర్లు, వెనక సీటు వాళ్లకు మీటరున్నర పైనే.

ఆరుబయట అయితే దూరం సగానికి తగ్గితే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కారు లోపల అంత లెక్కగా రాదు గానీ దారి అదే. వంద రూపాయల మైకు నోటికి దగ్గరగా ఉంటే, పదివేల మైకు అద్దం మీద ఉన్నదాని కంటే బాగా వినిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ కెమెరాలన్నిట్లో ఆటోమేటిక్ గెయిన్ ఉంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు అది వాల్యూమ్ తనంతట తనే పెంచేసి ఇంజను మోతను పైకి లాగుతుంది. పక్క బండివాడు హారన్ కొట్టగానే దబ్బున తగ్గిస్తుంది, హారన్ తర్వాతి రెండు మూడు మాటలు మింగేస్తుంది. మన రోడ్ల మీద హారన్ లేని నిమిషం ఏది? మెనూలో దాన్ని ఆపే వీలు నేనైతే ఏ డాష్‌క్యామ్‌లోనూ చూడలేదు. కాబట్టి మైకు దగ్గరికి మాట గట్టిగా చేరేలా చూడడమే మందు.

పైసా ఖర్చు లేకుండా ముందు ఇవి చేసి చూడండి. ఏసీ గాలి అద్దం మీదికి కాకుండా ముఖం మీదికి తిప్పండి, ఫ్యాను రెండో నంబరు మీద పెట్టండి. కెమెరా మైకు రంధ్రం ఎటుందో చూసి దాని మీద పల్చటి స్పాంజి ముక్క అంటించండి. మోత ఇంకా ఉంటే అప్పుడు విప్పుదాం.

ఒక రికార్డింగును కంప్యూటర్లో కూడా తెరిచి చూడండి. నాలుగు సిలిండర్ల బండి 2000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 67 హెర్ట్‌జ్ దగ్గర గుయ్యిమంటుంది. మూడు సిలిండర్లదైతే 50. మనిషి మాటకు కావలసింది టెలిఫోనులో పోయేంత, 300 నుంచి 3400 హెర్ట్‌జ్. అంటే 120 కింద ఉన్నదంతా కోసేసినా మాటకు నష్టం లేదు. ఇంజను మోత ఒక్కటే సమస్య అయితే ఎడిటింగులోనే పోతుంది. గాలి హోరు మాత్రం మాట ఉన్నచోటే కూర్చుంటుంది, కోస్తే మాట కూడా తెగుతుంది.

కాప్రా_డిజైర్

ఏసీ తిప్పి చూసిన, స్పాంజి పెట్టిన. అన్న చెప్పింది నిజమే, నా మాట ఇప్పుడు అర్థమైతది. హోరు చానా తగ్గింది. గని వెనక సీట్ల కూసున్నోళ్ల మాట ఇంకా బావిల నుంచి వచ్చినట్టే ఉంది. పంచాయితీ పెట్టుకునేది వెనక కూసున్నోళ్లే కదన్నా! ఎండకాలం కస్టమరు ఫ్యాను నాలుగు మీద పెట్టమంటడు, వద్దంటే రేటింగ్ పోతది. విప్పుదాం. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

సోల్డరింగ్_సూరి

సరే, వారంటీ పోయింది కాబట్టి చెబుతున్నా. వారంటీ ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగండి.

కెమెరా కారులోంచి తీసి ఓ గంట పక్కన పెట్టండి. లోపల లిథియం బ్యాటరీ గానీ సూపర్ కెపాసిటర్ గానీ ఉంటుంది, దాని రెండు కాళ్లు పొరపాటున కలిపితే నిప్పురవ్వ వస్తుంది. లెన్స్ వైపు కాకుండా స్క్రీన్ వైపు మూత మామూలుగా క్లిప్పుల మీద ఉంటుంది. ఇనుప స్క్రూడ్రైవరు పెట్టి పీకొద్దు, పాత ఏటీఎం కార్డు వాడండి. స్క్రీనుకు పోయే పల్చటి రిబ్బను తెగితే ఇక అంతే.

లోపల మైకు రెండు రకాల్లో ఒకటి ఉంటుంది.

ఒకటి ఎలక్ట్రెట్. గుండ్రటి అల్యూమినియం డబ్బీ, 4 లేక 6 ఎంఎం అడ్డం, ముందు నల్లటి గుడ్డ, వెనక రెండు కాళ్లు. ఇదైతే మీ అదృష్టం. రెండోది మెమ్స్. మెంతిగింజంత దీర్ఘచతురస్రపు లోహపు పెంకు, దానికి సూదిమొన రంధ్రం, బోర్డుకే అతుక్కుని ఉంటుంది. వీటిల్లో కొన్ని డిజిటల్, మాటను అక్కడికక్కడే అంకెలుగా మార్చి పంపేస్తాయి. వాటి స్థానంలో మామూలు మైకు పెట్టడం కుదరదు. మెమ్స్ కనబడితే మూత మూసేయండి, వేరే దారి చూద్దాం.

ఎలక్ట్రెట్ అయితే: వెనక రెండు కాళ్లలో ఒకదాని నుంచి సన్నటి గీతలు డబ్బీ అంచు దాకా పోయి ఉంటాయి. అది గ్రౌండు. రెండోది సిగ్నలు. కెమెరా ఆన్ చేసి మల్టీమీటరు డీసీలో పెట్టి రెంటి మధ్య కొలవండి. 1 నుంచి 3 వోల్టుల మధ్య ఏదో ఒకటి చూపాలి. డబ్బీ లోపల చిన్న ట్రాన్సిస్టరు ఉంటుంది, అది పనిచేయడానికి కెమెరా బోర్డే ఆ కరెంటు ఇస్తుంది. అదే రెండు కాళ్ల మీద కొత్త ఎలక్ట్రెట్ పెడితే దానికీ అదే కరెంటు అందుతుంది, వేరే సెల్లు అక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్న కాలర్ మైకులో కూడా మామూలుగా ఇలాంటిదే ఉంటుంది. అందులో సెల్లు పెట్టే గది ఉంటే మాత్రం దాన్ని నేరుగా కలపొద్దు.

పాత మైకు, కొత్త మైకు రెండూ సమాంతరంగా కలిపి ఉంచేద్దాం అనుకుంటారు చాలామంది. వద్దు. ఉన్న కరెంటు రెండూ పంచుకుంటాయి, పైగా అద్దం దగ్గరి హోరు ఎప్పట్లాగే ఎక్కుతుంది. పాతదాన్ని విప్పాలి. లేదా ఐదు కాళ్ల 3.5 ఎంఎం ఆడ సాకెట్టు తెచ్చి, పిన్ను గుచ్చితే పాతది తెగిపోయేట్టు, తీస్తే మళ్లీ కలిసేట్టు తీగలు కలపండి. కెమెరా లోపల దానికి చోటుండదు. జానెడు తీగ బయటికి తీసి దాని చివర పెట్టుకోండి.

తీగ మాత్రం షీల్డ్, అంటే లోపలి తీగ చుట్టూ లోహపు జాలి, ఉన్నదే. మామూలు జంట తీగ వాడితే ఫోను దగ్గర పెట్టగానే గిర్రుగిర్రుమంటుంది. 2జీ మీద ఫోను సిగ్నలు పంపినప్పుడు సెకనుకు 217 సార్లు కొట్టుకునే మోత అది. మూడు మీటర్ల తీగ వేస్తే మాట మొద్దుబారుతుందేమోనని భయం వద్దు. ఎలక్ట్రెట్ నుంచి సిగ్నలు రెండు వేల ఓములకు అటూఇటూగా వస్తుంది, అంత తక్కువ మీద మూడు మీటర్ల షీల్డ్ తీగ వినబడే స్వరంలో ఏమీ తినదు.

గన్‌తో వేసే వేడి గ్లూ వాడొద్దు. ఎండలో నిలబెట్టిన కారు అద్దం దగ్గర అది మెత్తబడి జారిపోతుంది. పులిసిన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వద్దు, రాగి తింటుంది. న్యూట్రల్ అని రాసిన సిలికాన్ ట్యూబు అడగండి.

జీపు_అనంతపురం

ఇంత చదివేసరికి నా కెమెరాకు మూగనోము పట్టిస్తే బాగుంటాదనిపించింది.

కాప్రా_డిజైర్

విప్పిన. గుండ్రటి డబ్బీనే ఉంది! 1.9 వోల్టులు చూపించింది. కోఠి గుజరాతీ గల్లీకి పోయి మైకు డబ్బీలు నాలుగు, షీల్డ్ వైరు మూడు మీటర్లు, సాకెట్టు తెచ్చిన. నాలుగెందుకు అంటే ఒకటి రెండు కాలుతయని దుకాణపాయనే ఇచ్చిండు. సోల్డరింగు మా గల్లీల మొబైల్ రిపేరు తమ్ముడు చేసిండు.

మైకు తాత్కాలికంగ లోపలి లైటు పక్కన టేపుతోని అంటిచ్చిన. బండి ఆపి మాట్లాడితే అబ్బ, వెనక సీటోళ్లు ఊపిరి పీల్చినా ఇనబడ్తది. ఇంజను స్టార్ట్ చేస్తే మాత్రం సన్నగ "కుయ్య్..." అని ఒక కూత. ఎక్సిలేటర్ తొక్కితే కూత కూడ పైకి పోతది. ఇదేం బాధ?

రేడియో_రత్తయ్య (రాజమండ్రి)

ఆల్టర్నేటరు, అంటే ఇంజను తిప్పితే బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం, దాని కూత అది. ఆర్‌పీఎం తోపాటు పెరిగితే ఇంకే అనుమానం అక్కర్లేదు. కారు స్టీరియోలకు వేసే గ్రౌండ్ లూప్ ఐసోలేటరు అని చిన్న డబ్బా దొరుకుతుంది, అది మైకు తీగ మధ్యలో పెట్టండి, పోతుంది.

సోల్డరింగ్_సూరి

రత్తయ్య గారూ, స్టీరియోకైతే మీరన్నది నూరుపాళ్లు నిజం. ఇక్కడ కుదరదండి. ఆ డబ్బాలో ఉండేది ట్రాన్స్‌ఫార్మరు. మాట దాటుతుంది గానీ డీసీ దాటదు. మైకుకు కెమెరా ఇచ్చే 1.9 వోల్టులు అవతలికి చేరకపోతే మైకే పనిచేయదు.

డిజైర్ అన్నా, ఒక పరీక్ష చేయండి. కెమెరాను కారు చార్జరు నుంచి తీసి పవర్‌బ్యాంకు మీద నడపండి. ఇంజను ఆన్‌లోనే ఉంచండి. కూత పోతే తప్పు మైకుది కాదు, చార్జరుది. పోకపోతే మైకు తీగ గ్రౌండు ఎక్కడో కారు బాడీకి తగులుతోంది.

రేడియో_రత్తయ్య

అవునండోయ్, డీసీ సంగతి. సరే సరే.

కాప్రా_డిజైర్

పవర్‌బ్యాంకు మీద కూత పోయింది! సిగరెట్ సాకెట్ల పెట్టుకున్న చార్జరు రోడ్డు పక్కన కొన్నది. దాన్ని తీసేసి ఫ్యూజ్ బాక్సు నుంచి ఇచ్చే 12 నుంచి 5 వోల్టుల కిట్టు వేయించిన. తీగల వచ్చే మోతను ఆపే నల్లటి ఫెర్రైట్ పూస గూడ ఎక్కించిండు తమ్ముడు. ఇప్పుడు చెవి పెట్టి ఇంటే తప్ప కూత తెలుస్తలేదు.

మణికొండ_ప్యాసింజర్

మొదట్నుంచీ చదువుతున్నా. నేను బండి నడపను, రోజూ వెనక సీట్లో కూర్చునేదాన్ని. నాకొక ప్రశ్న. ఇప్పుడు మీ కారులో నేను ఎక్కితే నా ఊపిరి కూడా రికార్డవుతుందన్నారు. క్యాబ్‌లో కూర్చుని డాక్టరుతో మాట్లాడతాం, ఇంటి గొడవలు మాట్లాడుకుంటాం, బ్యాంకువాళ్లకు పుట్టినతేదీ చెబుతాం. మీకు కావలసింది గొడవ జరిగిన రెండు నిమిషాలు. మీ కార్డులో ఉండేది మా గంట మాటలు. ఆ కార్డు రేపు రిపేరు తమ్ముడి చేతికి పోతే?

అన్నను తప్పుబట్టడం లేదు, తిట్టావని అబద్ధం చెప్పినవాళ్ల ముందు మీకూ ఏదో ఒక ఆధారం కావాలి. కానీ మీటరున్నర దూరంలో వినబడకపోవడమే మాకు ఇన్నాళ్లు రక్షణగా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

జీపు_అనంతపురం

అక్కా, బండి ఆయనది. వీడియో తీస్తుంటే లేని ఇబ్బంది సౌండుకు ఎందుకు?

మణికొండ_ప్యాసింజర్

వీడియోలో నేను కిటికీలోంచి చూస్తూ కనబడతాను. సౌండులో నా జీవితం వినబడుతుంది. అందుకు.

నల్లకోటు (గుంటూరు)

వృత్తి వకాల్తా. ఇది సలహా కాదు, మీ కేసుకు మీ వకీలును అడగండి. తెలిసిన నాలుగు ముక్కలు చెబుతా.

రికార్డింగు కోర్టులో చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, రికార్డు చేయడం సబబా అన్నది ఇంకో ప్రశ్న. జనం ఈ రెంటినీ కలిపేస్తారు.

మొదటిదానికి: మాటల రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1972లోనే ఆర్.ఎం.మల్కానీ కేసులో చెప్పింది. విషయానికి సంబంధం ఉండాలి, గొంతు ఎవరిదో గుర్తుపట్టగలగాలి, మార్చలేదని తేలాలి. ఆ మధ్య మాట చూడండి, గొంతు గుర్తుపట్టడం. ఏసీ హోరులో మునిగిన గొంతు అక్కడే ఓడిపోతుంది. కాబట్టి మీ మైకు ప్రయత్నం చట్టం దృష్టిలో కూడా అర్థం లేనిది కాదు.

2024 జులై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా పెట్టడం గురించిన పాత సెక్షన్ 65బి ఇప్పుడు సెక్షన్ 63. కెమెరా నుంచి పెన్‌డ్రైవులోకి కాపీ చేసి ఇస్తే దానితోపాటు సర్టిఫికెట్ పెట్టాలి. అందులో రెండు భాగాలు, ఒకటి పరికరం మీ చేతిలో ఉందని మీరు ఇచ్చేది, ఇంకొకటి నిపుణుడు ఇచ్చేది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి అంకె, కూడా రాయాలి. అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి, దాని యజమాని బోనెక్కి ఇది నాదే అని చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది పాత 65బి మీద ఇచ్చిన తీర్పు.

దీని అర్థం మీకేమిటంటే: పైన ఎడిటింగ్ ఆయన 120 హెర్ట్‌జ్ కింద కోసేయమన్నారు. కోయండి, కానీ కాపీ మీద. అసలు ఫైలు ముట్టుకోవద్దు. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. గొడవ జరిగిన రోజే కార్డు తీసి కవర్లో పెట్టి కొత్త కార్డు వేసుకోండి. డాష్‌క్యామ్ పాతవి చెరిపి పైన రాసుకుంటూ పోతుంది.

రెండో ప్రశ్నకు: మీతో మాట్లాడిన మాట మీరు రికార్డు చేయడం ఒక సంగతి. మీరు లేని సంభాషణ, వెనక సీట్లో భార్యాభర్తలు మాట్లాడుకునేది, వేరే సంగతి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. మణికొండ అమ్మాయి గారి అభ్యంతరం ఉత్తది కాదు. కనీసం "ఈ వాహనంలో వీడియో, ఆడియో రికార్డు అవుతున్నాయి" అని సీటు వెనక తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో అంటించండి. ఆ క్లిప్పులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. కంప్లైంటుకు తప్ప ఇంకెక్కడికీ పంపొద్దు. క్లిప్పు బయటికి పోయినరోజు మీరు ఫిర్యాదుదారు నుంచి ముద్దాయిగా మారతారు.

ఫ్రీమాంట్_స్టీరింగ్ (కాలిఫోర్నియా)

ఇక్కడ వారాంతాల్లో నేనూ నడుపుతాను కాబట్టి రాస్తున్నా. కాలిఫోర్నియాలో రహస్య సంభాషణను రికార్డు చేయాలంటే అందులో ఉన్న అందరి ఒప్పుదల ఉండాలి, పీనల్ కోడ్ 632. పైగా వాహన చట్టం 26708 ప్రకారం కారులో రికార్డరు ఉంటే ప్రయాణికుడి మాటలు రికార్డు కావచ్చని కనబడే చోట నోటీసు అంటించాలి. నా కారులో రెండు వెనక కిటికీల మీదా ఉంది. కెమెరా అద్దం మీద ఎక్కడ పెట్టాలో కూడా అదే సెక్షన్ చెబుతుంది: ప్రయాణికుడి వైపు కింది మూల 7 అంగుళాల చదరంలో, డ్రైవరు వైపు కింది మూల 5 అంగుళాల చదరంలో, లేదా పైన మధ్యలో 5 అంగుళాల చదరంలో.

టెక్సాస్‌లో ఉన్న మా బావమరిదికి సంభాషణలో ఉన్న ఒక్కరి ఒప్పుదల చాలు. ఇక్కడి మనవాళ్లు ఒక రాష్ట్రం చూసి ఇంకో రాష్ట్రంలో తీగ లాగొద్దు.

నోటీసు చూసి దిగిపోయినవాళ్లు నాకు తగల్లేదు. నోటీసు చూసి గొంతు తగ్గించినవాళ్లు మాత్రం ఉన్నారు, అదీ లాభమే.

సోల్డరింగ్_సూరి

స్టిక్కరుతోపాటు ఒక స్విచ్ కూడా పెట్టేయండి డిజైర్ అన్నా, పది రూపాయల పని. మైకు సిగ్నలుకూ గ్రౌండుకూ మధ్య, మైకుకు సమాంతరంగా. నొక్కితే రెండూ కలిసి మైకు మూగబోతుంది, ఎత్తితే వినబడుతుంది. బోర్డులో రెసిస్టరు ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు, టప్ మని చిన్న చప్పుడు రికార్డవుతుంది, అంతే. తీగ మధ్యలో తెంపేలా స్విచ్ పెడితే మాత్రం తెగిన కొస గాలిలో వేలాడుతూ ప్రతి మోతనూ పట్టుకుంటుంది. మెనూలో మ్యూట్ ఉన్నా బండి నడుపుతూ మెనూ ఎవరు వెతుకుతారు?

కాప్రా_డిజైర్

స్విచ్ ఐడియా మంచిగుందన్నా. అక్కా, మీరన్నదానికి నా కాడ జవాబు లేకుండె, ఇప్పుడు దొరికింది. బండి కదిలినంక మైకు బంద్ పెడ్త, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ఆన్ చేస్త. పంచాయితీలన్ని డోరు కాడనే అయితయి. నడుమల లొల్లి మొదలైతే వేలు కిందనే ఉంటది స్విచ్. స్టిక్కర్ గూడ ఆర్డర్ ఇచ్చిన.

ఇగ వైరు పక్కాగ వేయాలె. లైటు కాడికెల్లి రూఫ్ గుడ్డ లోపలినుంచి, పక్క స్తంభం ప్లాస్టిక్ కిందికెల్లి కెమెరా దాక గుంజుదామనుకుంటున్న. ప్లాస్టిక్ జెర లూజు చేసి వైరు లోపలికి నూకితే అయిపోతది కదా?

షెడ్_మేస్త్రి (వరంగల్)

ఆగు తమ్మీ. ముందు అద్దం పక్కన ఉండే ఆ స్తంభం కవరు మీద ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందా చూడు. ఉంటే దాని లోపల మడిచిపెట్టిన కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్నట్టు. తలుపుల పైనుంచి వెనకదాక పోతది. వైరును దాని ముందుకెల్లి గుంజితే, బ్యాగు విచ్చుకున్న రోజు వైరు దానికి అడ్డం పడ్తది, లేకుంటే వైరుతోపాటు మైకు గుండు లెక్క ముఖం మీదికి వస్తది. వైరు ఎప్పుడైనా బ్యాగు వెనకనుంచి, బాడీ రేకుకు ఆనుకొని ఉన్న కంపెనీ తీగల కట్టతోపాటు పోవాలె.

రాసి లేకపోతే, పాత కిరాయి బండ్లకు చానావాటికి ముందు రెండే ఉంటయి, నువ్వన్నట్టు నూకొచ్చు. అసలు నీకు ఆ స్తంభం దాక పోవుడే అక్కర్లేదు. మైకు లైటు కాడ, కెమెరా అద్దం కాడ. రెండూ నడుమనే ఉన్నయి. రూఫ్ గుడ్డ ముందు అంచుల వేలు దూరుతది, లైటు నుంచి నేరుగ ముందుకు తెచ్చి అద్దం వెనక దించు. జానెడున్నర వైరు చాలు.

మైకును గట్టి ప్లాస్టిక్‌కు అతికించకు. రూఫ్ లైటు డొప్ప బండి కదిలితే కటకటమంటది. మెత్తటి రబ్బరు గ్రోమెట్ల, అంటే నడుమ బొక్క ఉన్న రబ్బరు ఉంగరంల, గుచ్చి పెట్టు.

కాప్రా_డిజైర్

ఎస్‌ఆర్‌ఎస్ అని లేదన్నా. అయినా నడుమ నుంచే తెచ్చిన, నువ్వు చెప్పినట్టు. సైకిల్ దుకాణంల రబ్బరు వాల్వ్ ముక్క దొరికింది, అండ్ల మైకు సరిగ్గ కూసుంది. ఫ్యాను నాలుగు మీద పెట్టి వెనక మా బామ్మర్దిని కూసోబెట్టి ఎన్‌హెచ్ 65 మీద ఎల్బీనగర్ దాటిందాక పోయొచ్చిన. ప్రతి మాట ఇనబడ్తంది. లారీ హారన్ కొట్టినప్పుడు ఒకటి రెండు మాటలు పోతున్నయి, అది ఎడిటింగ్ అన్న ముందే చెప్పిండు.

ఖర్చు చార్జరు కిట్టుకే అయింది, మైకు పని రెండొందలు దాటలే.

కొత్త_టియాగో (కర్నూలు)

ఇది చదివి నేనూ విప్పినా. నాదాంట్లో గుండ్రటి డబ్బీ లేదు, చిన్న లోహపు పెంకు, దానికి రంధ్రం. సూరి గారు చెప్పినట్టు మూత మూసేసినా. ఇప్పుడు నాకేం దారి?

ఎడిటింగ్_టేబుల్

కెమెరాను మార్చకుండా ఉన్న దారి ఒకటే, సౌండు విడిగా రికార్డు చేయడం. పాత ఫోను ఉంటే కాలర్ మైకు దానికి పెట్టి రికార్డరు యాప్ ఆన్ చేసి, మైకును రూఫ్ లైటు దగ్గర పెట్టండి. ఫోనును ఎండ తగిలేచోట వద్దు, గ్లవ్ బాక్సులో వేయండి.

బండి తీసేముందు కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత వీడియోలో చేతులు తగిలిన ఫ్రేము, సౌండులో ఆ చప్పుడు, రెండూ ఒకచోటికి జరిపితే కలిసిపోతాయి. రెండు పరికరాల గడియారాలు ఒకేలా నడవవు గానీ మామూలు క్రిస్టల్ తేడా పది లక్షలకు 20 అనుకుంటే గంటకు 0.07 సెకను. పెదవుల కదలిక తేడా కనబడేంత కాదు. గంటలకొద్దీ నడిపితే మధ్యలో ఇంకోసారి చప్పట్లు కొట్టండి.

వకీలు గారు చెప్పింది మీకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వీడియో ఒక ఫైలు, సౌండు ఒక ఫైలు, రెండు అసలైనవీ విడివిడిగా దాచండి. కలిపింది చూపించడానికే.

కొత్త_టియాగో

గ్లవ్ బాక్సులో చార్జింగ్ తీగ ఎట్లా లోపలికి తేవాలో షెడ్ అన్న చెప్తాడా?

షెడ్_మేస్త్రి

గ్లవ్ బాక్సు పక్కలు రెండు లోపలికి నొక్కి కిందికి దించు, వెనక ఖాళీ ఉంటది. డ్యాష్‌బోర్డు కిందికెల్లి తీగ తెచ్చి మూల సందుల నుంచి లోపలికి తియ్యి. మూత మూసినప్పుడు తీగ నలగొద్దు, అది చూసుకో.